వలస వెళ్లి దాత అయిన నాయకుడి జీవితం రాయడం ఎలా: సర్ థామస్ ఎల్డర్ ఉదాహరణగా

అడిలైడ్ నగరంలో నార్త్ టెరస్ వీధిలో, విశ్వవిద్యాలయం ముందు, 1903 నాటి కంచు విగ్రహం ఒకటుంది. పై చదువులకు అక్కడికి వెళ్లిన మన పిల్లలు దాని పక్కనుంచే క్లాసులకు వెళ్తుంటారు. అది సర్ థామస్ ఎల్డర్ విగ్రహం. స్కాట్లాండ్‌లో పుట్టి, ముప్ఫై అయిదు దాటాక దక్షిణ ఆస్ట్రేలియాకు వచ్చి, రాగి మీదా ఉన్ని మీదా అపారంగా గడించి, శాసనమండలిలో కూర్చుని, గడించినదాంట్లో పెద్ద భాగం చదువుకీ సంగీతానికీ చిత్రకళకీ ఇచ్చి పోయిన మనిషి.

ఇలాంటివాళ్ల గురించి తెలుగులో రాసేటప్పుడు పుట్టిన తేదీ, పదవులు, విరాళాలు, పోయిన తేదీ వరసగా పేర్చి, మధ్యలో రెండుసార్లు "మహాదాత" అనేసి ముగించడం మామూలైపోయింది. అలా రాస్తే శిలాఫలకం తయారవుతుంది. దాత జీవితం రాయాలంటే డబ్బు వెంట రెండు వైపులా నడవాలి. అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడికి పోయిందో చూడాలి. తేదీలు, పేర్లు, పదవులు సరిచూసుకోవడమంతా ఆ నడకకు బాట వేసుకోవడమే. ఆ పనిని ఎల్డర్ జీవితం మీద ఒక్కో మెట్టూ చేసి చూద్దాం. ఇదే పద్ధతి ఆ కాలపు మరే దాతకైనా పనికొస్తుంది.

ముందు మాటలు తేల్చుకోండి

చిక్కు "వలస" దగ్గరే మొదలవుతుంది. తెలుగులో పొట్ట చేత పట్టుకుని ఊరు మారడమూ వలసే, ఒక రాజ్యం మరో నేలను పట్టుకుని ఏలడమూ వలసే. "వలస రాజకీయ నాయకుడు" అంటే ఈ రెంటిలో ఏదో చదివేవాళ్లకు తేలదు. ఈ వ్యాసంలో రెండు అర్థాలూ అవసరమే. కాబట్టి మనిషికి "వలస వచ్చిన" అనీ, పాలనకు "కాలనీ" అనీ విడదీసి, చివరిదాకా అలాగే వాడండి.

1901 జనవరి 1కి ముందు ఆస్ట్రేలియా అనే దేశం లేదు, ఆరు కాలనీలు ఉండేవి. ఎల్డర్ 1897లోనే చనిపోయాడు. "ఆస్ట్రేలియా పార్లమెంటు సభ్యుడు" అని రాస్తే మొదటి వాక్యమే తప్పవుతుంది. దక్షిణ ఆస్ట్రేలియా కాలనీ శాసనమండలి సభ్యుడు అనాలి. శాసనమండలి అనగానే మనకు ఎమ్మెల్యేలూ పట్టభద్రులూ ఉపాధ్యాయులూ ఎన్నుకునే సభ గుర్తొస్తుంది. అక్కడిది నేరుగా జరిగే ఎన్నిక, కాకపోతే ఆస్తి ఉన్నవాళ్లకే ఓటు. ఆ తేడా ఒక వాక్యంలో చెప్పకుండా ముందుకు పోవద్దు.

"స్టేషన్" ఇంకో గుంట. ఆస్ట్రేలియాలో స్టేషన్ అంటే వందల చదరపు మైళ్ల మేతభూమి, దాని మీద గొర్రెలు, కాపరుల ఇళ్లు, ఉన్ని కత్తిరించే కొట్టాలు. "ఎల్డర్ 1862లో బెల్టానా స్టేషన్ కొన్నాడు" అని రాస్తే మన పాఠకుడు రైల్వే స్టేషన్ అనుకుంటాడు. పైగా తర్వాతి రోజుల్లో బెల్టానాకి రైలు కూడా వచ్చింది కాబట్టి తప్పు బయటపడదు కూడా. "మేతభూమి" అనండి. మొదటిసారి మాత్రం అక్కడ దాన్ని స్టేషన్ అంటారని చెప్పి వదిలెయ్యండి.

"సర్" బిరుదు ఆయనకు 1878లో వచ్చింది. 1874 విరాళం గురించి రాస్తూ "సర్ థామస్ ఇచ్చాడు" అనకూడదు. బిరుదు మొదటి పేరుకు తగులుతుంది కాబట్టి "సర్ థామస్" సరైనది, "సర్ ఎల్డర్" తప్పు. ఊరి పేర్లు అక్షరాలు చూసి కాకుండా పలుకుబడి విని రాయండి. ఆయన పుట్టిన ఊరి పేరులో "ఎల్" అక్షరం ఉన్నా పలకరు, కిర్కాడీ అంటారు.

మన భాషలోనే ఉన్న ఇంకో ప్రమాదం గౌరవ వాచకం. ధనవంతుడికి "వచ్చారు, ఇచ్చారు" అనీ, ఒంటెలు తోలినవాడికి "వచ్చాడు, పోయాడు" అనీ చెయ్యి తనంతట తనే రాసేస్తుంది. ఏ రూపమైనా ఫర్వాలేదు, వ్యాసంలో అందరికీ ఒకటే వాడండి.

కాలరేఖ: నాలుగు గడుల పట్టిక

కాగితం మీద నాలుగు గడులు గీయండి. తేదీ, సంగతి, ఎక్కడ దొరికింది, ఆ ఆధారం సంఘటన జరిగిన ఎన్నాళ్లకు పుట్టింది. నాలుగో గడిని ఎవరూ పట్టించుకోరు, తప్పులన్నీ దొరికేది అక్కడే. 1854 రాక గురించి 1897 సంస్మరణ వ్యాసం చెప్పిందంటే అది 43 ఏళ్ల తర్వాతి మాట. అదే ఏడాది ఓడరేవు వార్త దొరికితే దాన్నే నమ్మాలి.

పుట్టుక: 1818 ఆగస్టు 5. స్కాట్లాండ్‌లో ప్రభుత్వ జనన నమోదు 1855లో గానీ మొదలుకాలేదు. అంతకుముందు ఉన్నవి చర్చి పుస్తకాలు, వాటిలో ఉండేది బాప్తిస్మం తేదీ. పుట్టిన తేదీ పక్కన రాసి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. రెండిటినీ కలిపెయ్యకండి. దక్షిణ ఆస్ట్రేలియాలో నమోదు 1842లో మొదలైంది కాబట్టి అక్కడి మరణాలకు, పెళ్లిళ్లకు పత్రం దొరుకుతుంది. ఎల్డర్ పెళ్లి చేసుకోలేదు. కాబట్టి సాధారణంగా భార్య తరఫు ఉత్తరాల్లో దొరికే ఇంటి సంగతులు ఇక్కడ చెల్లెలు జోయానా, ఆమె భర్త రాబర్ట్ బార్ స్మిత్ వైపు నుంచి వెతకాలి. ఆ బావమరిదే వ్యాపారంలో సగం.

ఇక అన్నదమ్ములు. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. ముందు 1839లో అలెగ్జాండర్ లాంగ్ ఎల్డర్ వచ్చి దుకాణం పెట్టాడు. తర్వాత ఇతర సోదరులు చేరారు. థామస్ వచ్చింది 1854లో, 1855లో సోదరుడు జార్జ్ వెనక్కి వెళ్లిపోయాక ఇక్కడ మిగిలింది ఆయనే. అంటే 1854కు ముందు అడిలైడ్ పత్రికల్లో "మిస్టర్ ఎల్డర్" కనబడితే అది థామస్ కాదు. "1839లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఓడ దిగి" అని మొదలుపెట్టే కథనాలు అన్న జీవితాన్ని తమ్ముడికి అంటగట్టినవి. చిల్లిగవ్వ సంగతీ నిజం కాదు. తండ్రి కిర్కాడీలో వ్యాపారి, ఓడల యజమాని. థామస్ నడుస్తున్న కొట్టులోకి వచ్చాడు.

కాలరేఖలో తప్పక ఉండాల్సిన మరికొన్ని మేకులు: 1856లో ఎల్డర్, స్టర్లింగ్ అండ్ కో. 1863లో ఇద్దరు భాగస్వాములు తప్పుకోగా ఎల్డర్, స్మిత్ అండ్ కో. శాసనమండలిలో 1863 నుంచి 1869, మళ్లీ 1871 నుంచి 1878. మరణం 1897 మార్చి 6.

పాత పత్రికల్లో వెతకడం

ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వారి ట్రోవ్‌లో చాలా పాత పత్రికలు ఉచితంగా చదవొచ్చు, హైదరాబాదులో కూర్చునైనా. కానీ "ఎల్డర్" అని కొడితే లక్షల్లో ఫలితాలు వస్తాయి. ఎందుకంటే ఇంగ్లీషులో ఆ మాటకు పెద్దవాడు అనే అర్థం ఉంది, చర్చి పెద్దనూ అలాగే పిలుస్తారు. దాన్ని ఇలా కుదించాలి.

1. 1854 నుంచి 1863 దాకా వ్యాపార ప్రకటనల్లో సంస్థ పూర్తి పేరుతో, ఉద్ధరణ చిహ్నాల మధ్య వెతకండి.
2. 1863 తర్వాత మండలి చర్చలకు "ఆనరబుల్ టి. ఎల్డర్" అని కొట్టండి. మండలి సభ్యులను అలాగే రాసేవారు.
3. 1878 తర్వాత "సర్ థామస్ ఎల్డర్" అంటే చాలు, చెత్త సగానికి సగం పోతుంది. కానీ ఆయనకు పందెపు గుర్రాలు ఉండేవి కాబట్టి రేసుల పేజీలు వచ్చిపడతాయి. విభాగం ఎంచుకుని వాటిని తీసెయ్యండి.
4. ఏమీ దొరక్కపోతే అక్షరదోషంతో వెతకండి. పాత అచ్చును యంత్రం చదివినప్పుడు "ఎల్" అక్షరం "ఐ"గా మారి పేరు వేరే మాటవుతుంది. అసలు పేజీ బొమ్మ తెరిచి కంటితో చూడందే ఏ అంకెనూ ఎత్తుకోవద్దు. 3, 8, 5 తరచూ తారుమారవుతాయి.

తేదీల్లో "ఇన్‌స్టంట్" అంటే ఈ నెల, "అల్టిమో" అంటే గడిచిన నెల, "ప్రాక్సిమో" అంటే వచ్చే నెల. పొట్టిగా రాసి ఉంటాయి. మార్చి 2 పత్రికలో "25 అల్ట్." అని ఉంటే ఫిబ్రవరి 25. దీన్ని గమనించక ఒక నెల పక్కకు జరిగిన తేదీలు చాలా వ్యాసాల్లో కనిపిస్తాయి. 1872లో ఖండం మధ్యగా టెలిగ్రాఫ్ తీగ పూర్తయి లండన్‌తో కలిసేదాకా లండన్ వార్తలు ఓడ మీద వారాల తరబడి ప్రయాణించి వచ్చేవి. కాబట్టి అచ్చయిన తేదీ వేరు, జరిగిన తేదీ వేరు.

రెండు పత్రికల్లో ఒకే మాట ఉంటే రెండు సాక్ష్యాలు దొరికినట్టు కాదు. అడిలైడ్ అబ్జర్వర్ వారపత్రిక, రిజిస్టర్ దినపత్రిక ఒకే యాజమాన్యానివి. దినపత్రిక వార్తే వారపత్రికలో మళ్లీ అచ్చయ్యేది. పట్టికలో దాన్ని ఒకటిగానే లెక్కపెట్టండి.

డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి, ఎక్కువ పేజీలూ ఇక్కడే పోవాలి.

ఎల్డర్ సంస్థ చేసే పని మనకు కొత్త కాదు. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారి రైతుకు ముందుగా పెట్టుబడి ఇచ్చి, పంట తన కొట్టుకే తెప్పించుకుని, అమ్మకం మీద కమిషనూ అప్పు మీద వడ్డీ పట్టుకుంటాడు కదా. గొర్రెల యజమానులకు ఎల్డర్, స్మిత్ అండ్ కో అదే చేసింది. ఉన్ని మీద అప్పు, ఉన్ని లండన్‌కు ఎగుమతి, తిరుగు ఓడలో సరుకులు. ఇలా పోలిస్తే తెలుగు పాఠకుడికి ఒక్క వాక్యంలో విషయం అందుతుంది. ఇంగ్లీషు వ్యాపార పదాలు తర్జుమా చేస్తూ పేరా నింపడం కన్నా ఇది మేలు.

పెద్ద డబ్బు మాత్రం రాగిలో వచ్చింది. 1859 డిసెంబరులో యార్క్ ద్వీపకల్పం మీద, కెప్టెన్ వాల్టర్ వాట్సన్ హ్యూస్ మేతభూమిలో జేమ్స్ బోర్ అనే కాపరికి వాలరూ దగ్గర రాగి కనిపించింది. 1861లో ప్యాట్రిక్ ర్యాన్ అనే మరో కాపరికి మూంటాలో. హ్యూస్ దగ్గర గని తవ్వేంత డబ్బు లేదు, ఎల్డర్, స్టర్లింగ్ అండ్ కో భాగస్వాములు పెట్టారు. మూంటా గని చివరికి వాటాదారులకు పది లక్షల పౌండ్లకు పైగా లాభాంశం పంచింది. ఆస్ట్రేలియాలో అంత పంచిన మొదటి గని కంపెనీ అదే.

ఇక్కడ నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. నేల ఎవరిది? ఆ ద్వీపకల్పం నరంగ్గా ప్రజలది. బెల్టానా ఉన్న ఫ్లిండర్స్ కొండలు అద్న్యమతన్హా ప్రజలవి. కాలనీ ఏర్పాటుకు బ్రిటిష్ రాజు 1836లో ఇచ్చిన సనదులోనే ఆదివాసులు తమ నేల మీద ఉండే హక్కుకు భంగం కలగకూడదని రాసి ఉంది, ఆచరణలో అది కాగితం మీదే మిగిలింది. "ఎల్డర్‌కు, బావమరిదికి కలిపి స్కాట్లాండ్ కన్నా ఎక్కువ నేల ఉండేది" అనే వాక్యం చాలాచోట్ల పొగడ్తగా వస్తుంది. అదే పేరాలో ఆ నేల మీద అప్పటికే ఎవరున్నారో రాస్తేనే వాక్యం పూర్తవుతుంది.

కనిపెట్టినవాడికి ఏం దక్కింది? మూంటా లీజు మీద వివాదం నడిచి 1863లో పార్లమెంటు ఎంపిక కమిటీ దాకా వెళ్లింది. ఆ కమిటీ వాంగ్మూలాలు చదవండి. ప్రశ్న, జవాబు రూపంలో ఉంటాయి, కాబట్టి ఎవరి నోటి మాట ఏదో తేటగా తెలుస్తుంది.

తవ్వింది ఎవరు? ఎక్కువమంది ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వలస వచ్చిన గనిపనివాళ్లు. 1874లో కూలి కోతకు ఎదురు తిరిగి మూంటా, వాలరూ గనుల్లో సమ్మె కట్టారు. మూంటాలో ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని వచ్చి, పని ఆపనివాళ్లను ఊడ్చి తరిమారు. అదే 1874లో ఎల్డర్ విశ్వవిద్యాలయానికి 20,000 పౌండ్లు ఇచ్చాడు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టండి, అంతకు మించి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఒకదానికి ఇంకోటి కారణమని మాత్రం ఆధారం లేకుండా రాయొద్దు. ఒకే ఏడు జరిగాయన్నది నిజం, కారణం వేరే నిరూపించాల్సిన సంగతి.

భాగస్వామి డబ్బు ఎక్కడిది? హ్యూస్ కూడా స్కాట్లాండ్ ఫైఫ్ ప్రాంతం వాడే. ఇక్కడికి రాకముందు కలకత్తాలో హీరో అనే ఓడ కొని, చైనా సముద్రాల్లో నల్లమందు వ్యాపారం చేశాడు. అడిలైడ్ విశ్వవిద్యాలయానికి 1872లో అందరికన్నా ముందు 20,000 పౌండ్లు ప్రకటించింది ఆయనే. భారత పాఠకులకు రాస్తున్నప్పుడు ఈ తీగ వదలకూడదు.

మన ఉపఖండంతో నేరుగా ముడిపడింది ఒంటెల కథ. ఎడారి మేతభూములకు ఎద్దుబండ్లు పనికిరాక, ఎల్డర్ కరాచీ నుంచి ఒంటెలు తెప్పించాడు. 1865 చివర్లో బ్లాక్‌వెల్ అనే ఓడ వాటిని పోర్ట్ అగస్టాలో దించింది. ఒంటెలు 121 అని ఒకచోట, 124 అని మరోచోట కనిపిస్తాయి. ఇలాంటప్పుడు ఒక అంకె ఎంచుకుని ధైర్యంగా రాసేయడం తప్పు. కరాచీలో ఎక్కించిన లెక్కా, రేవులో దిగిన లెక్కా, గజ్జి సోకి పోయినవి తీసేసిన లెక్కా అని ప్రతి ఆధారాన్నీ అడగండి. తేలకపోతే "నూట ఇరవైకి పైగా" అనడం నిజాయితీ. వాటితో వచ్చిన మనుషులు ముప్ఫై మంది దాకా. కాలనీ వాళ్లందరినీ కలిపి "అఫ్గాన్లు" అంది. నిజానికి అలా పిలిపించుకున్నవాళ్లలో సింధు, బలూచిస్తాన్, పంజాబు వాళ్లూ ఉండేవారు. మీరు ఆ మాట వాడితే, అది కాలనీ పెట్టిన పేరని ఒకసారి చెప్పండి.

ఆ ఒంటెలే ఖండాన్ని దాటించాయి. 1873 ఏప్రిల్‌లో అన్వేషకుడు కర్నల్ వార్బర్టన్ అలిస్ స్ప్రింగ్స్ నుంచి పడమటికి బయల్దేరాడు, ఖర్చు ఎల్డర్, హ్యూస్‌లది. బయల్దేరినప్పుడు 17 ఒంటెలు. డిసెంబరులో పడమట ఓకోవర్ నది చేరేసరికి మిగిలినవి రెండు. చచ్చినవాటినీ చంపినవాటినీ ఎండబెట్టి తిన్నారు. బృందంలో ఏడుగురు. వార్బర్టన్, కొడుకు, లూయిస్, వంటవాడు వైట్, ఒంటెలు తోలే సాలే, హలీమ్, ఆదివాసి యువకుడు చార్లీ. నీళ్ల జాడ పట్టి వాళ్లను బతికించిందాంట్లో చార్లీ పాలు పెద్దది. రాసేటప్పుడు ఏడు పేర్లూ రాయండి. "నలుగురు యూరోపియన్లు, వారి సహాయకులు" అన్న మూస పాత పత్రికలది, దాన్ని మోసుకురావాల్సిన పని మనకు లేదు.

1875లో ఎర్నెస్ట్ గైల్స్ అనే అన్వేషకుడు కూడా ఎల్డర్ ఒంటెలతోనే పెర్త్ చేరాడు. దారిలో 17 రోజులు, సుమారు 325 మైళ్లు, నీళ్లు దొరకలేదు. ఆ బృందంలోనూ సాలే అనే పేరుంది. అదే మనిషని పేరు చూసి నిర్ధారించకండి. ఆ రెండు యాత్రల పుస్తకాల్లో స్పెల్లింగు ఒకేలా ఉండదు, ఆ పేరు వాడుకలో ఉన్నదే. జీతాల పద్దులోనో ఉత్తరంలోనో ముడి దొరికాకే ఒకరని రాయాలి.

రాజకీయం: చిన్నదే, కానీ గుచ్చి చూడాలి

ఎల్డర్ గొప్ప వక్త కాదు, ప్రభుత్వం నడపలేదు. కాబట్టి ఈ భాగం పొడుగు సాగదీయొద్దు. అవసరమైనవి మూడే: ఆయన్ను ఎవరు ఎన్నుకున్నారు, ఆయన ప్రయోజనాలు సభలోకి ఎప్పుడు వచ్చాయి, అప్పుడు ఆయన ఏం చేశాడు.

అప్పటి మండలిలో 18 మంది. కాలనీ అంతా ఒకే నియోజకవర్గం. ఓటు కావాలంటే 50 పౌండ్ల విలువైన సొంత ఆస్తి, లేదా ఏడాదికి 20 పౌండ్ల విలువైన కౌలు, లేదా ఏడాదికి 25 పౌండ్ల విలువైన ఇంట్లో కాపురం ఉండాలి. దిగువ సభకు మాత్రం వయోజన పురుషులందరికీ ఓటు ఉండేది. సభ్యులకు జీతం 1887 దాకా లేదు. అంటే ఎల్డర్ కూర్చున్న రోజుల్లో మండలి అంటే తీరికా ఆస్తీ ఉన్నవాళ్ల సభ. ఇది చెప్పకుండా "ప్రజలు ఎన్నుకున్నారు" అంటే పాఠకుణ్ని తప్పుదారి పట్టించినట్టే.

ఎక్కడ గుచ్చి చూడాలో తెలిస్తే పని తేలిక. 1864లో సర్వేయర్ జనరల్ గోయ్డర్ మేతభూముల విలువ మళ్లీ కట్టి కౌళ్లు బాగా పెంచాడు. వెంటనే కరువు పడింది. 1865లో వాన ఎంతవరకు నమ్మొచ్చో చూపే గోయ్డర్ గీత గీశాడు. గొర్రెల యజమానులు కౌలు తగ్గించమని గోల పెట్టారు. బెల్టానా కొన్న ఎల్డర్ అప్పుడు మండలి సభ్యుడు. 1864 నుంచి 1867 దాకా కౌలు చర్చలు తీసి, ఆయన మాట్లాడిన చోట, ఓటు వేసిన చోట, సభకు రాని చోట వేర్వేరు గుర్తులు పెట్టండి. ఒక జాగ్రత్త: ఆ కాలపు సభా నివేదికలు కుదించినవి. అందులో ఆయన పేరు లేదంటే "మౌనంగా ఉన్నాడు" అని రాయకూడదు, "నివేదికలో ఆయన మాట లేదు" అనే అనాలి.

డబ్బు ఎక్కడికి పోయింది

ప్రతి విరాళానికీ మూడు తేదీలు కావాలి: ప్రకటించినది, చేతికి అందినది, ఖర్చయినది. పత్రికలో వచ్చేది మొదటిదే. రెండోది సంస్థ లెక్కల్లో, మూడోది సంస్థ వార్షిక సంచికల్లో దొరుకుతుంది. మూడూ దొరకని విరాళాన్ని "ప్రకటించాడు" అని రాయండి, "ఇచ్చాడు" అనొద్దు.

విశ్వవిద్యాలయం పద్దు ఇలా ఉంటుంది. 1874లో 20,000 పౌండ్లు. 1883లో వైద్యవిద్యకు 10,000. వీలునామాలో 65,000, అందులో వైద్యానికి 20,000, సంగీతానికి 20,000, సాధారణ ఖర్చులకు 25,000. కలిపితే 95,000. "దాదాపు లక్ష పౌండ్లు" అని ఎక్కడైనా చదివితే ఆ మాట ఈ కూడికకు దగ్గరగా ఉందని తెలుస్తుంది. ఇలా ముక్కలు కూడి మొత్తం సరిచూడని అంకెను వ్యాసంలో పెట్టకండి.

1874 నాటి విశ్వవిద్యాలయ చట్టాన్నీ పక్కన తెరవాలి. అందులో మూలధనం మీద ఏడాదికి నూటికి 5 చొప్పున ప్రభుత్వం గ్రాంటు ఇవ్వాలని, ఏడాదికి 10,000 పౌండ్లు దాటకూడదని ఉంది. పైగా 50,000 ఎకరాలు, నార్త్ టెరస్‌లో 5 ఎకరాలు. అంటే 20,000 విరాళం వెంట ఏటా 1,000 పౌండ్ల ప్రజాధనం కదిలింది. దాత ఒక్కడే సంస్థను నిలబెట్టాడన్న మాట ఈ లెక్క ముందు నిలవదు. విరాళం లేకపోతే ఆ గ్రాంటు కూడా అంత వచ్చేది కాదన్నదీ అంతే నిజం. అప్పుడు ఎల్డర్ మండలి సభ్యుడే అన్న సంగతి కూడా చేర్చండి.

తర్వాత ఖర్చు. ఎల్డర్ పేరున ఏర్పడ్డ గణిత ఆచార్య పదవిలో మొదట హొరేస్ లాంబ్, ప్రకృతి శాస్త్రంలో రాల్ఫ్ టేట్. లాంబ్ తర్వాత 1886లో వచ్చిన విలియం హెన్రీ బ్రాగ్, అడిలైడ్‌లోనే పుట్టిన కొడుకు లారెన్స్‌తో కలిసి 1915లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. రాగి గని నుంచి ఎక్స్ కిరణాల దాకా తెగకుండా సాగిన దారం ఇది. వ్యాసంలో దీనికి ఒక మంచి పేరా ఇవ్వండి. సంగీతం డబ్బు 1898లో ఎల్డర్ కన్సర్వేటోరియం అయింది, 1900లో ఎల్డర్ హాల్ తెరిచారు. చిత్రశాలకు బొమ్మలు కొనడానికి 25,000 వెళ్లాయి. కార్మికుల ఇళ్లకు మరో 25,000. ఆ ఇళ్ల గురించి ఎవరూ ఎక్కువ రాయరు, విగ్రహాలూ హాళ్లూ ఫొటోలకు బాగుంటాయి కాబట్టి. మీరు రాయండి.

టారెన్స్ నది ఒడ్డున పార్కులో బ్యాండు మేళానికి 1882లో కట్టిన ఇనుప మంటపం కూడా ఆయనిచ్చిందే. గ్లాస్గోలో పోతపోసి ఓడలో తెచ్చారు. ఇప్పటికీ ఉంది. రెండు వాక్యాలు చాలు.

పాడయ్యే చోట్లు

అప్పటి పౌండును ఇప్పటి రూపాయిల్లోకి మార్చడం మానండి. ఏ లెక్క వాడతారన్నదాన్ని బట్టి జవాబు పదింతలు మారుతుంది. బదులు, అదే ఏడాది పత్రికలో గనిపనివాడి వారం కూలి ఎంతో వెతికి పక్కన పెట్టండి. లెక్కకు 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. పత్రికలో రెండు అంకెల మధ్య గీత ఉంటే మొదటిది షిల్లింగులు, రెండోది పెన్నీలు.

"అపర దానకర్ణుడు", "కారణజన్ముడు", "ఎడమ చేతికి తెలియకుండా కుడి చేత్తో ఇచ్చినవాడు" లాంటివి తీసెయ్యండి. ముఖ్యంగా చివరిది. తన పేరున పదవులు, హాలు, పార్కు ఉన్న మనిషికి అది అతకదు. అలాగని దోపిడీదారు అనే ఒక్క మాటతో తేల్చెయ్యడమూ సోమరితనమే. పెళ్లాం పిల్లలు లేని మనిషి, ఉన్నదాన్ని పందేలకో భవనాలకో తగలేసే వీలున్నా, తాను ఎన్నడూ చదవని విద్యల కోసం ఇచ్చాడు. అది కూడా పద్దులో రావాలి.

మొదటి పేరా అన్నిటికన్నా చివర రాయండి. మొదటే రాస్తే, తర్వాత దొరికిన సంగతులన్నీ దానికి అతికేలా వంగిపోతాయి. పైన చూపిన పనంతా అయ్యాక అది ఇలా వస్తుంది:

"సర్ థామస్ ఎల్డర్ (1818 ఆగస్టు 5 – 1897 మార్చి 6) స్కాట్లాండ్‌లోని కిర్కాడీలో పుట్టి, 1854లో దక్షిణ ఆస్ట్రేలియా కాలనీకి వలస వచ్చిన వ్యాపారి. నరంగ్గా నేల మీది వాలరూ, మూంటా రాగి గనులకు పెట్టుబడి పెట్టిన సంస్థలో భాగస్వామి. విస్తారమైన మేతభూములకు యజమాని. ఆస్తిపరులు ఎన్నుకునే శాసనమండలిలో 1863 నుంచి 1869 వరకు, 1871 నుంచి 1878 వరకు సభ్యుడు. కరాచీ నుంచి ఒంటెలనూ వాటిని నడిపే మనుషులనూ రప్పించి ఎడారి యాత్రలకు ఖర్చు పెట్టాడు. అడిలైడ్ విశ్వవిద్యాలయానికి బతికుండగా 30,000 పౌండ్లు, వీలునామా ద్వారా 65,000 పౌండ్లు ఇచ్చాడు."